సముద్రం దగ్గర పంతాలా?

యునెస్కో నుంచి అమెరికా మళ్లీ తప్పుకుంటోంది. 2025 జులైలో ట్రంప్ ప్రభుత్వం ప్రకటించిన ఈ నిర్ణయం 2026 డిసెంబర్ 31తో అమల్లోకి వస్తుంది. 1984లో రీగన్ బయటికి నడిచారు, 2003లో బుష్ తిరిగొచ్చారు. 2017లో ట్రంప్ వీడ్కోలు పలికారు, 2023లో బైడెన్ మళ్లీ చేరారు. ఇప్పుడిది మూడో నిష్క్రమణ. పాలస్తీనాకు సభ్యత్వం ఇవ్వడం, సంస్థ సాంస్కృతిక ధోరణులు తమకు నచ్చకపోవడం వాషింగ్టన్ చూపిన కారణాలు. ఆ సంస్థలో లోపాలు లేవని ఎవరూ అనరు. సభ్య దేశాల రాజకీయాలు, ఓట్ల బేరాలు, కాగితాల గుట్టలు అక్కడా ఉన్నాయి. అవి సరిదిద్దుకోవలసినవే తప్ప, దేశాలు కలిసి కట్టిన వ్యవస్థను వదిలి పోవడానికి సాకులు కావు.

యునెస్కో ప్రధాన కార్యాలయం ఉన్న ప్యారిస్‌లోని ఈ అలకలతో మనకేం పని అనుకునేవారు హైదరాబాద్ ప్రగతినగర్ దాకా వెళ్లి రావాలి. భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం, అంటే ఇన్‌కాయిస్, అక్కడే ఉంది. సముద్రం ఒడ్డున లేని ఈ నగరం నుంచే హిందూ మహాసముద్ర తీర దేశాలకు సునామీ హెచ్చరికలు వెళ్తాయి. ఆ బాధ్యతను యునెస్కోకు చెందిన అంతర ప్రభుత్వ సముద్ర విజ్ఞాన కమిషన్ ఆస్ట్రేలియా, ఇండోనేషియాలతో పాటు భారత్‌కు అప్పగించింది. 2011 అక్టోబర్ నుంచి ఆ పని సాగుతోంది.

అంతకుముందు ఏమైందో తీరంలో ఉన్నవారు మరిచిపోలేరు. 2004 డిసెంబర్ 26 ఉదయం మన గడియారం ప్రకారం ఆరున్నరకు సుమత్రా దగ్గర భూమి కంపించింది. అల మన కోస్తాను చేరడానికి రెండు గంటలకు పైగానే పట్టింది. పిల్లాపాపలతో నడిచి వెళ్లినా ప్రాణాలు దక్కే వ్యవధి అది. హవాయిలోని పసిఫిక్ హెచ్చరిక కేంద్రం పదిహేను నిమిషాల్లోనే భూకంపం గురించి ప్రకటన చేసింది. కానీ హిందూ మహాసముద్రంలో ఎవరికి చెప్పాలో, చెబితే ఎవరు అందుకుంటారో తెలియదు. పసిఫిక్ దేశాలు 1965 నుంచే ఒక ఏర్పాటు చేసుకుని ఉండగా, మన సముద్రానికి అలాంటిదేదీ లేదు. పౌర్ణమి నాడు మంగినపూడి తీరంలో స్నానాలకు దిగినవారినీ అల లాక్కుపోయింది. మన దేశంలో పది వేలకు పైగా, మొత్తం 14 దేశాల్లో 2 లక్షల 20 వేలకు పైగా మరణించారు. శాస్త్రం తెలియక కాదు, తెలిసిన మాటను చేరవేసే దారి లేక పోయిన ప్రాణాలు వీటిలో ఎన్నో.

ఆ దారిని వేసింది యునెస్కో గొడుగు కింద కుదిరిన సహకారమే. 2005లో కమిషన్ హిందూ మహాసముద్ర దేశాలను ఒకచోట కూర్చోబెట్టింది. ఎక్కడ భూకంప మాపకాలు పెట్టాలి, ఎవరి తీరంలోని అలల కొలతలు ఎవరికి అందాలి, హెచ్చరికలో ఏ మాటలు ఉండాలి అన్నది తేల్చింది. ఇవాళ సుమత్రాలో నేల కదిలితే, అనేక దేశాల యంత్రాల నుంచి వచ్చే అంకెలను ముందే లెక్కగట్టి పెట్టుకున్న నమూనాలతో పోల్చి హైదరాబాద్ నిమిషాల్లో అంచనా చెబుతుంది. ఇండోనేషియా కొలతలు మనకు అందకపోతే ఆ అంచనా గుడ్డిది. మన కొలతలు శ్రీలంకకు అందకపోతే అక్కడి తీరంలోని జాలరికి సమయానికి హెచ్చరిక అందదు. ఇది దానం కాదు, దౌత్య మర్యాదా కాదు.

అమెరికాకూ ఈ సంగతి తెలుసు. 1984లో యునెస్కోను వదిలినప్పుడు కూడా ఈ సముద్ర కమిషన్‌లో మాత్రం అది కొనసాగింది. సముద్రం గురించి ఒంటరిగా తెలుసుకోలేమని ఆనాటి శాస్త్రవేత్తలు, అధికారులు గ్రహించారు. ఆ మాత్రం విజ్ఞత ఈసారీ నిలవాలి. అయితే, మాతృసంస్థ బడ్జెట్‌లో దాదాపు 8 శాతం వాటా ఇచ్చే దేశం వెళ్లిపోతే దాని సెగ కమిషన్‌కు తగలకుండా పోదు. శిక్షణలు, సమావేశాలు, యంత్రాల నిర్వహణ వంటి కంటికి కనిపించని ఖర్చులకే మొదట కోత పడుతుంది.

ఇక్కడ మన చరిత్రనూ చూసుకోవాలి. సునామీ తర్వాతి తొలినాళ్లలో భూకంప సమాచారాన్ని అప్పటికప్పుడు పంచుకోవడానికి మన ప్రభుత్వమూ వెనకాడింది. అణు పరీక్షల గుట్టు బయటపడుతుందన్న జంకు దానికి కారణం. తర్వాత దారికి వచ్చింది. అప్పటి మొండితనం ఇప్పుడు పొరుగు దేశం మీది కోపంగా మళ్లీ తల ఎత్తకూడదు.

పాకిస్తాన్ మాట ఎత్తక తప్పదు. యునెస్కో రాజ్యాంగం లండన్‌లో ఆమోదం పొందిన పన్నెండు రోజులకే, 1945 నవంబర్ 28న, మక్రాన్ తీరంలో భారీ భూకంపం వచ్చింది. ఆ సునామీకి పస్నీ వంటి తీర పట్టణాలు దెబ్బతిన్నాయి, బొంబాయి తీరంలోనూ మనుషులు పోయారు. అక్కడి భూఫలకాల అంచు ఇప్పటికీ కదలికలోనే ఉంది. అక్కడ మళ్లీ భూమి కంపిస్తే కరాచీకీ, కచ్‌కూ, ఒమన్‌కూ అందే వ్యవధి చాలా తక్కువ. అందుకే కమిషన్ భారత్, పాకిస్తాన్, ఇరాన్, ఒమన్‌లను వాయవ్య హిందూ మహాసముద్ర బృందంలో చేర్చింది. పహల్గాం దాడి తర్వాత సింధు జలాల ఒప్పందాన్ని పక్కనపెట్టిన కేంద్రమే, 2025 ఆగస్టులో తావీ నది వరద గురించి మానవతా దృష్టితో ఇస్లామాబాద్‌కు కబురు పంపింది. అది సరైన పని. సముద్ర సమాచారం విషయంలోనూ అదే నియమం కావాలి. సరిహద్దులో తుపాకులు పేలుతున్నా ఈ లైను తెగకూడదు. దేశభక్తి పేరుతో దీన్ని తెంచమనే గొంతులు టీవీల్లో వినిపించినా ప్రభుత్వం లొంగరాదు.

యునెస్కో తొలినాటి సభ్య దేశాల్లో భారత్ ఒకటి. ఆంధ్ర విశ్వవిద్యాలయ ఉపకులపతిగా పనిచేసిన సర్వేపల్లి రాధాకృష్ణన్ 1948-49లో దాని కార్యనిర్వాహక మండలికి అధ్యక్షుడయ్యారు. అప్పుడు మనం పేద దేశం, అయినా మాటకు బరువుండేది. ఇప్పుడు పెద్ద ఆర్థిక శక్తినని చెప్పుకుంటున్నాం, కానీ సంస్థ సాధారణ బడ్జెట్‌లో మన వాటా ఒక శాతానికి కాస్త అటూఇటూ. అమెరికా వదిలే ఖాళీని మొత్తం మనమే పూడ్చాలని కాదు. సముద్ర కమిషన్‌కు స్వచ్ఛంద నిధిని కేంద్రం తక్షణం పెంచాలి. హిందూ మహాసముద్ర దేశాల యువ శాస్త్రవేత్తలకు హైదరాబాద్ ఇన్‌కాయిస్‌లోని శిక్షణ కేంద్రంలో ఇచ్చే సీట్లనూ పెంచాలి.

పని అక్కడితో అయిపోదు. హెచ్చరిక తెరమీద మెరిస్తే సరిపోదు, గుడిసెలోకి చేరాలి. ఒడిశాలోని గంజాం జిల్లాలో తెలుగు మాట్లాడే నోలియా మత్స్యకారులున్న సీమలోని వెంకటరాయ్‌పూర్, జగత్‌సింగ్‌పూర్ జిల్లాలోని నోలియాసాహి 2020లో కమిషన్ నుంచి ‘సునామీ సిద్ధం’ గుర్తింపు పొందాయి. ఎటు పరుగెత్తాలో చూపే పటాలు, క్రమం తప్పని కసరత్తులు, పిల్లలకూ తెలిసిన దారులు ఉంటేనే ఆ గుర్తింపు. 2024లో ఒడిశాలోని మరో 24 ఊళ్లు ఆ జాబితాలో చేరాయి. ప్రపంచంలో ప్రమాదం పొంచి ఉన్న తీర సముదాయాలన్నింటినీ 2030 నాటికి ఇలా సిద్ధం చేయాలన్నది కమిషన్ గడువు. ఇచ్ఛాపురం నుంచి తడ దాకా ఉన్న మన పల్లెకారుల గ్రామాల్లో ఎన్నింటిని ఆ గడువులోగా సిద్ధం చేస్తారో, అందుకు ఏ శాఖ జవాబుదారీయో, బడ్జెట్‌లో ఎంత పెట్టారో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం శాసనసభలో చెప్పాలి.