మట్టి ఇల్లు సరే, అలికేదెవరు?

తక్కువ వస్తువులతో బ్రతకడం ఎలాగో ఈ మధ్య మగవాళ్ళు మనకి నేర్పుతున్నారు. దీన్ని మినిమలిజం అంటారట. ఇంట్లో పది గిన్నెలున్న చోట నాలుగుంటే చాలట. ఫ్రిజ్ దండగట. మిక్సీ చప్పుడు మనశ్శాంతికి భంగమట. నాలుగు గిన్నెలతో ఇంటిల్లిపాదికీ వండాలంటే ఒక్కో గిన్నెని పూటకి మూడుసార్లు తోమాలన్న సంగతి మాత్రం ఆ ఉపన్యాసాల్లో ఎక్కడా వినపడదు. ఉపన్యాసం ఇచ్చేవాడు తోమడు గనక ఆయనకి గుర్తురాకపోవడంలో వింతేమీ లేదు.

ప్రొద్దుటూరులో కూర్చుని ఈ మాటలు అంటున్నందుకు నన్ను చూసి నవ్వేవాళ్ళు నవ్వొచ్చు. బంగారానికీ బట్టలకీ రెండో బొంబాయి అని పేరు పడ్డ ఊరు మాది. తక్కువ వస్తువుల గురించి మాట్లాడే హక్కు మాకెక్కడిది? అయినా పొదుపు మాకు ఎవరూ వచ్చి నేర్పక్కర్లేదు. పెన్నలో నీళ్ళకంటే ఇసకనే ఎక్కువ రోజులు చూసిన వాళ్ళం. బియ్యం కడిగిన నీళ్ళు మొక్కకి పోయడం, పాత చీర బొంతగా కుట్టడం, బొంత చిరిగితే మసిగుడ్డ చెయ్యడం మాకు సిద్ధాంతాలు కావు, పొద్దున లేస్తే చేసే పనులు.

ఇప్పుడు ఆ పనులకే గేటు కట్టి, పేరు పెట్టి అమ్ముతున్నారు. పెద్ద నగరాల చుట్టూ కొన్నేళ్ళుగా ఉన్న వ్యవహారమే, ఇప్పుడు మా వైపుకీ వచ్చింది. ముద్దనూరు దారిలో పర్యావరణ గ్రామం అని ఒకటి వేస్తారట, రంగుల కాగితం చేతికొచ్చింది. మట్టి గోడలు, సున్నపు పూత, ఉమ్మడి కూరగాయల తోట, కట్టెల పొయ్యి మీద వంట, చేత్తో ఉతుకు, సోలారు దీపాలు. బొమ్మలో ఒక పెద్దమనిషి అరుగు మీద వాలుకుర్చీలో పడుకుని పుస్తకం చదువుకుంటున్నాడు. పక్కన రాగి చెంబు తళతళలాడుతోంది. ఆ చెంబుని చింతపండు పెట్టి తోమిందెవరో, అందులోకి నీళ్ళు ఎక్కణ్ణుంచి మోసుకొచ్చారో బొమ్మలో పట్టినట్టు లేదు.

నవ్వి అవతల పడేద్దును గానీ, ఆ కాగితం పంపింది పులివెందులలో ఉన్న మా చెల్లెలు. మా మరిది ఉద్యోగం నుంచి దిగిపోయాడు. ఉన్న స్లాబు ఇల్లు అద్దెకిచ్చి మట్టింట్లోకి మారిపోవాలని ముచ్చటపడుతున్నాడు. "అక్కా, వాషింగ్ మిషన్ వద్దంటాండాడు. మా జేజి వాళ్ళు బతకలేదా అంటాండాడు. బతికినారు, ఎవరు కాదన్నారు? అడ్వాన్సుకి నా గాజులు కుదవ పెడదామని కూడా అంటాండాడు," అని ఫోనులో గొంతు తగ్గించి చెప్పింది. దానికి యాభై ఎనిమిదేళ్ళు. రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. కింద కూర్చుంటే ఏదో ఒకటి పట్టుకుని గానీ లేవలేదు.

జేజి వాళ్ళు బతకలేదా అన్నారు గనక జేజి ఇంటి సంగతే చెప్తాను.

జమ్మలమడుగు అవతల పల్లెలో మా జేజిది మట్టి మిద్దె. రాయీ మట్టీ పేర్చిన గోడలు, మూరన్నర మందం. పైన దూలాలు, దంతెలు, వాటి మీద కట్టెలు పరిచి, ఆకు కప్పి, మన్ను వేసి, ఆ పైన చౌడు పరిచేవారు. చౌడు మన్ను తడిస్తే బిగుసుకుని నీళ్ళు కిందికి దిగనివ్వదు. నడిమింట్లో మిద్దెకి గవాచి ఉండేది. పగలు వెలుతురు అందులోంచే, వంటింటి పొగ పోయేదీ అందులోంచే. నేల మీద నాపబండలు. మే నెలలో బయట నలభై నాలుగు డిగ్రీలు కాస్తున్నా మధ్యాహ్నం ఆ బండల మీద కొంగు పరుచుకుని పడుకుంటే కన్ను మూతపడేది. ఇవాళ మా స్లాబు ఇళ్ళు రాత్రి పదింటికి కూడా పెనంలా కాగుతుంటాయి. మందపు గోడ ఎండని పగలంతా తనలో పట్టి ఉంచి నిదానంగా వదులుతుంది. ఈ విషయంలో మట్టింటికి వంక పెట్టను. మా మరిది చెప్పేదాంట్లో నిజం ఇంతవరకూ ఉంది.

ఆ చల్లదనం ఊరికే రాలేదు. వానలకి ముందు చౌడు తేవాలి. గంపలకెత్తి మిద్దె కిందికి చేర్చేది ఆడవాళ్ళు. పైకెక్కి పరిచేది మగవాళ్ళు, 'మిద్దె వేశాం' అని చెప్పుకునేదీ వాళ్ళే. వాన పడ్డాక ఏ మూలో కారుతుంది, దాని కింద సరువ పెట్టి రాత్రంతా మేలుకునేది జేజి. బండలు లేని చోటల్లా పేడతో అలకాలి. కోడి కూయకముందే వాకిట్లో పేడనీళ్ళు చల్లాలి, ముగ్గు వెయ్యాలి. రాగులు విసుర్రాయిలో విసరాలి, వడ్లు దంచాలి. అప్పుడు గదా మగవాళ్ళ పళ్ళెంలోకి సంగటి ముద్ద వచ్చేది! గవాచి పొగంతా లాగేస్తుందని పుస్తకాల్లో రాస్తారు. సగం లాగేది, మిగతా సగం జేజి కళ్ళు లాగేవి. యాభై దాటేసరికి సూదిలో దారం ఎక్కించమని నన్ను పిలిచేది.

ఇక నీళ్ళు. ఎండాకాలం పెన్న ఇసకలో చెలమ తీసేవారు. గుంట తవ్వి నీళ్ళు ఊరేదాకా కూర్చోవాలి, చిన్న చెంబుతో ముంచి కడవ నింపాలి. నెత్తిన ఒకటి, చంకన ఒకటి. కాలే ఇసకలో చెప్పుల్లేని కాళ్ళు. ఆ వరసలో ఒక్క మగవాణ్ణి చూసిన జ్ఞాపకం నాకు లేదు. జేజి వాళ్ళు బతికారన్నది నిజమే. వాళ్ళని ఎవరూ అడగలేదన్నది కూడా నిజం. తరవాత వీధిలోకి కుళాయి వచ్చిన రోజున ఆమె దానికి పసుపూ కుంకుమా పెట్టి, టెంకాయ కొట్టింది. మినిమలిజం వాళ్ళు ఆ టెంకాయ ముక్క తిని ఉంటే బాగుండేది.

ఇంట్లోంచి ఒక యంత్రం తీసేస్తే దానితోపాటు పని కూడా వెళ్ళిపోదండీ. పని అక్కడే ఉంటుంది. యంత్రం లేని చోట ఒక మనిషి నిలబడాలి. ఆ మనిషి ఎవరన్నది ముందుగా తేల్చకుండా ఎన్ని మట్టి గోడలు కట్టినా అది నా లెక్కలో నిరాడంబరం కాదు, ఒకరి ఒంటి మీద ఇంకొకరు చేసే పొదుపు.

యంత్రాల్లో కూడా ఏది పోవాలో ఏది ఉండాలో తేల్చే తీరు చూడండి. మామూలు వాషింగ్ మిషన్ చల్లనీళ్ళతో ఒక వాయి ఉతకడానికి అర యూనిట్ కరెంటు కాకపోవచ్చు. పడగ్గది ఏసీ ఒక రాత్రి తినే కరెంటుతో వారం పైన బట్టలు ఉతుక్కోవచ్చు. అయినా ముందు వేటు పడేది మిషను మీదే. ఆ పర్యావరణ గ్రామంలో ఇంటింటికీ కారు షెడ్డు మాత్రం ఉంది! పాలకీ కూరకీ పులివెందుల దాకా కారెక్కి పోవచ్చట. భూమాతకి మా చెల్లెలి మిషను బరువైంది గానీ మా మరిది కారు బరువు కాలేదు.

స్వీడన్ దేశపు వైద్యుడు హాన్స్ రోస్లింగ్ 2010లో ఒక ఉపన్యాసం ఇచ్చాడు. వాళ్ళింటికి మొదటి మిషను వచ్చిన రోజున వాళ్ళ అవ్వ దాని ముందు కుర్చీ వేసుకుని ఉతుకంతా అయ్యేదాకా చూస్తూ కూర్చుందట. జీవితమంతా కట్టెలతో నీళ్ళు కాచి చేత్తో ఉతికిన మనిషి. మిషను పుణ్యమా అని వాళ్ళమ్మకి తీరిక దొరికి, లైబ్రరీకి పోయి పుస్తకాలు తెచ్చి కొడుకుకి చదివి వినిపించింది. ఆ వాలుకుర్చీ పెద్దమనిషి చదివే పుస్తకం కూడా ఎవరో ఒకరు ఉతికిపెడితే దొరికిన తీరికలోదే కదా!

ఇలా అంటే గాంధీగారి పేరు ఎత్తుతారు. ఎత్తనివ్వండి, ఆయన ఆత్మకథలోనే ఉంది. 1898 ప్రాంతంలో డర్బన్‌లో ఉన్నప్పుడు ఇంట్లో బస చేసిన ఒక గుమాస్తా రాత్రి వాడిన కుండని కస్తూరిబా గారు ఎత్తిపోయాల్సి వచ్చింది. ఆమె ఏడుస్తూనే తీసింది. ఆయనకది చాలలేదు, నవ్వుతూ చెయ్యాలన్నాడు. మాటా మాటా పెరిగి ఆమెని రెక్క పట్టుకుని గేటు దాకా ఈడ్చాడు. సిగ్గులేదా, నేనెక్కడికి పోను అని ఆమె నిలదీస్తే గానీ తగ్గలేదు. ఆయనే సిగ్గుపడుతూ రాసుకున్నాడు. ఆ తర్వాత 1910లో టాల్‌స్టాయ్ ఫారం పెట్టినప్పుడు వంట దగ్గర్నుంచి పాకీ పని దాకా నౌకరు లేకుండా అందరూ తమ చేతులతోనే చేసుకోవాలని నియమం పెట్టాడు, తాను కూడా చేశాడు. ఆదర్శం అంటే ముందు ఎవరి చెయ్యి తడవాలో ఆయనకి తెలిసింది. మన వాలుకుర్చీ శిష్యులు ఆ అధ్యాయం దాకా ఇంకా రాలేదు.

ఇటువంటి ప్రయత్నాలన్నీ బూటకమని నేననను. కదిరి దాటి పోతే చెన్నేకొత్తపల్లి దగ్గర టింబక్టు కలెక్టివ్ ఉంది. 1990లో మొదలైంది. బబ్లూ గంగూలీ, మేరీ వట్టమట్టం, మరి కొందరు కలిసి 32 ఎకరాల బీడు భూమి తీసుకుని, దాన్ని పశువులకీ మంటలకీ దూరంగా కాపాడుతూ మళ్ళీ అడవిని మొలిపించారు. కరువు సీమలో అది చిన్న పని కాదు. నాకు దానికంటే నచ్చింది ఇంకొకటి. చుట్టుపక్కల పల్లెల్లో ఆడవాళ్ళు సొంత పొదుపు సంఘాలు పెట్టుకున్నారు. డబ్బు వాళ్ళది, ఎవరికి ఎంత అప్పివ్వాలో తేల్చేదీ వాళ్ళే. అక్కడ ఆడది బొమ్మలో చెంబు వెనక దాక్కోలేదు, పద్దు పుస్తకం ముందు కూర్చుంది.

మా మరిదితో ఫోనులో వాదించాను. "పనిమనిషిని పెట్టుకుంటాం లే వదినా," అన్నాడు చల్లగా. చూశారా, జవాబు ఎంత సులువో! ముద్దనూరు వైపు ఏ పల్లె నుంచో ఒకామె తెల్లారకముందే నడిచి వచ్చి, వీళ్ళ నిరాడంబరాన్ని అలికి, ఉతికి, తోమి, పొయ్యి ఊది, పొద్దుపోయాక తన ఇంటికి పోయి మళ్ళీ అదే పని మొదలుపెట్టుకోవాలి. ఆమె ఇంట్లో నాలుగే గిన్నెలుంటాయి. ఆమెని ఎవరూ మినిమలిస్టు అనరు.

నిజంగా భూమి మీద అంత ప్రేమ ఉంటే ఉన్న ఊళ్ళోనే చెయ్యడానికి బోలెడుంది. ఎర్రగుంట్ల చుట్టూ నాపరాయి గనులు పెట్టుకుని, గుజరాత్‌లోని మోర్బీ నుంచి లారీల్లో టైల్సు తెప్పించి జారి పడుతున్నాం. వెయ్యి చదరపు అడుగుల మిద్దె మీద ఏడాదికి 600 మిల్లీమీటర్ల వాన పడితే 55 వేల లీటర్ల నీళ్ళు. అన్నీ మురిక్కాలువలోకే. ఆ నీళ్ళు పట్టడానికి తొట్టి కట్టించమని పదేళ్ళుగా మొత్తుకుంటుంటే మా మరిదికి తీరిక దొరకలేదు, మట్టి ఇంటికి మాత్రం దొరికింది. మిద్దె మీద సున్నం కొట్టించినా, పడమటి గోడకి పందిరి వేయించినా ఇల్లు కొంత చల్లబడుతుంది. దానికి ఎవరి గాజులూ కుదవకి పోనక్కర్లేదు.

అయినా వెళ్ళి తీరాలంటే వెళ్ళనీ. మా చెల్లెల్ని ఒక తెల్లకాగితం తీసుకుని రాయమన్నాను. నీళ్ళు ఎంత లోతు బోరు నుంచి, అది ఎండితే ఎక్కణ్ణుంచి. చెత్త ఎరువు తిరగేసేది ఏ రోజు ఎవరు. బట్టలు సోమ, బుధ, శుక్రవారాలు ఎవరు, మిగతా రోజులు ఎవరు. పనామెకి జీతం ఎంత, సెలవు ఎన్నాళ్ళు, ఆమె కూడా ఆ నీడలోనే కూర్చుని అన్నం తినొచ్చా. ఇంటి కాగితంలో పేరు ఎవరిది. గాజులు నీవి గనక ఆ చివరిది పైన రాయమన్నాను. కింద మా మరిది సంతకం పెట్టేదాకా బీరువా తాళం నడుముకే ఉండాలని చెప్పాను.

రాసి ఇచ్చిందట. నాలుగు రోజులైంది, ఆయన ఇంకా చదువుతున్నాడు.