నా సోమవారాల సంగతి కూడా రాయండి

సంపాదకులకు,

మొన్న గురువారం మీ పత్రికలో 'కేసులున్నా దర్జాగా షికార్లు' సంపాదకీయం చదివి రెండు రోజులు ఊరుకున్నాను. ఇవాళ ఊరుకోలేక రాస్తున్నాను.

పెరోల్, ప్రొబేషన్, బెయిలు మూడింటినీ కలగూరగంప చేశారు. పెరోల్ అంటే శిక్ష పడి జైల్లో ఉన్నవాడిని కొద్దిరోజులు బయటికి వదలడం. ప్రొబేషన్ అంటే నేరం రుజువైనా జైలుకు పంపకుండా, బుద్ధిగా ఉంటానని బాండు రాయించుకుని వదలడం. అది 1958 నాటి చట్టం, బాండు గడువు మూడేళ్లకు మించదు. బెయిలు మీదున్నవాడి నేరం ఇంకా రుజువే కాలేదు. ముగ్గురినీ ఒకే గాటన కట్టి 'కాళ్లకు బంధం బిగించాలి' అన్నారు. నా కాళ్లకున్న బంధం ఎంత పొడుగో చెబుతాను, వినండి.

మాది రెండు రాష్ట్రాల సరిహద్దు పల్లె. పొలం గట్టు దగ్గర దాయాదులతో మాటామాటా పెరిగి కర్రలు లేచాయి. ముందు ఎవరు లేపారో కోర్టు తేలుస్తుంది. నాకు కండిషన్ బెయిల్ ఇచ్చారు. ప్రతి సోమవారం పదింటికీ అయిదింటికీ మధ్య స్టేషన్‌లో సంతకం. అనుమతి లేకుండా రాష్ట్రం దాటకూడదు. సంతకమంటే నిమిషం పనే అనుకుంటారు మీరు. రిజిస్టరు బీరువాలో, బీరువా తాళం రైటర్ జేబులో, రైటర్ బందోబస్తులో! వేపచెట్టు కింద బల్ల మీద కూర్చుంటే దారిన పోయే ప్రతివాడూ 'ఏం బాబాయ్, ఇక్కడున్నావ్?' అంటాడు.

మా అమ్మాయి అత్తగారిది కోదాడ. గరికపాడు చెక్‌పోస్టు దాటి వెళితే బస్సులో అరగంట. 2014 జూన్ 2కి ముందు అది పక్క జిల్లా, ఇప్పుడు పక్క రాష్ట్రం. రెండో కాన్పు, ఆడపిల్ల. ఇరవై ఒకటో రోజున బారసాల. ప్లీడరుగారు పిటిషన్ వేశారు. మొదటి వాయిదాకు సర్కారు వకీలు కౌంటరుకు టైం అడిగారు. రెండో వాయిదాకు జడ్జిగారు సెలవు. మూడో వాయిదాకు అనుమతి వచ్చింది, కానీ ఆర్డరు కాపీ చేతికందేసరికి బారసాల అయిపోయి నాలుగు రోజులు. బారసాల రోజు సోమవారమే. సంతకం పెట్టొచ్చి గేదెకు మేత వేస్తుంటే మా ఆవిడ ఫోన్ చేసి చెవిలో ఊయల పాట వినిపించింది. దొంగచాటుగా వెళ్లొస్తే ఎవరు చూస్తారన్నారు మావాళ్లు. చూడడానికి దాయాదులు లేరూ? బెయిలు రద్దు చేయించడానికి వాళ్లకు అంతకన్నా ఏం కావాలి!

కేసులున్నా షికారుకెళ్లాడని మీరు ఫొటో వేసిన ఆ పెద్దమనిషి కోర్టు అనుమతితోనే విమానం ఎక్కాడని మీ వార్తలోనే అడుగున ఉంది. విదేశాలకు వెళ్లడం కూడా వ్యక్తి స్వేచ్ఛలో భాగమేనని సుప్రీంకోర్టు 1967లో ఒకసారి, 1978లో మేనకా గాంధీ కేసులో మరోసారి చెప్పింది. నాకు లండన్ అక్కర్లేదు, కోదాడ చాలు. పైగా అందరి ఫోన్లకూ గూగుల్ మ్యాప్ పెట్టి కనిపెట్టాలని సెలవిచ్చారు. సరిగ్గా ఆ షరతునే 2024 జూలై 8న ఫ్రాంక్ వైటస్ కేసులో జస్టిస్ అభయ్ ఓకా, జస్టిస్ ఉజ్జల్ భుయాన్‌ల బెంచి కొట్టేసింది. మాదకద్రవ్యాల కేసులో నైజీరియా మనిషికి వద్దన్న పలుపుతాడు గట్టు తగాదా రైతుకు తగిలించాలా?

అన్నట్టు ఇంకో మాట. నన్ను అరెస్టు చేసిన మర్నాడు మీ జిల్లా పేజీలో నా పేరు, ఊరు, తండ్రి పేరు సహా వేశారు. 'మారణాయుధాలతో దాడి' అట. అది నా చేతికర్ర! నాతోపాటు కేసులో ఇరికించిన మా బావమరిది తగాదా రోజు ఊళ్లోనే లేడని తేలి ఛార్జిషీటులో అతని పేరు తీసేశారు. ఆ కాగితం పట్టుకుని మీ విలేకరి దగ్గరికి వెళితే 'అది న్యూస్ కాదండీ' అన్నాడు.

షరతులే వద్దని నేననడం లేదు. సాక్షుల్ని బెదిరించేవాణ్ని, పారిపోయేవాణ్ని కట్టడి చేయాల్సిందే. మిగతావాళ్లకు, ఫలానా రోజు ఫలానా ఇంటికి వెళ్లి ఫలానా రోజు వస్తానని స్టేషన్‌లో రాసిచ్చి వెళ్లే వీలు ఆ బెయిలు ఆర్డరులోనే ఉంచితే ఏం పోతుంది? అనుమానముంటే పోలీసులే కోర్టుకెళ్లి ఆపించుకోవచ్చు. మీ సంపాదకీయం అడగాల్సింది అది.

ఇప్పుడు ఆదివారం రాత్రి పదయింది. రేపు రైటర్ ఉంటాడని కబురొచ్చింది, పెందలాడే వెళ్లాలి. ఈసారైనా నా పేరు వేయకండి.

– ఒక సరిహద్దు పల్లె పాఠకుడు