టెంటులో తుపాకీ ఎక్కడ పెడతారు?

వేసవి సెలవులొస్తే అమెరికాలోని మన కుటుంబాలు రెండు మూడు కలిసి యెల్లోస్టోన్‌కో యోసెమిటీకో బయల్దేరతాయి. టెంట్లు, కూలర్ నిండా మసాలా పట్టించిన చికెన్, పులిహోర, ఆవకాయ సీసా అన్నీ సర్దాక ఎవరో ఒకరు అంటారు: "ఒక గన్ కూడా ఉంటే మంచిది కదా బావా?" ఈ మధ్య ఈ మాట తరచుగా వింటున్నాను. అడిగేవాళ్ళు దుడుకు మనుషులేం కాదు. జిప్పు వేసిన గుడ్డగోడ వెనకాల పిల్లల్ని పడుకోబెట్టుకునే తండ్రులు. ఆ భయాన్ని తక్కువ చేయను. అయినా నా జవాబు వద్దనే.

ముందు చట్టం సంగతి. నేషనల్ పార్కుల్లోకి తుపాకీ తీసుకెళ్ళడానికి 2010 ఫిబ్రవరి నుంచి అనుమతి ఉంది. (ఈ వెసులుబాటు వచ్చింది క్రెడిట్ కార్డుల చట్టానికి తగిలించిన సవరణతో. వాషింగ్టన్‌లో చట్టాలు అలా పుడతాయి మరి.) పార్కు ఏ రాష్ట్రంలో ఉంటే ఆ రాష్ట్రపు రూల్సే వర్తిస్తాయి. విజిటర్ సెంటర్ లాంటి ఫెడరల్ భవనాల్లోకి మాత్రం తీసుకెళ్ళకూడదు. యెల్లోస్టోన్‌లో వెంట ఉంచుకోవచ్చు గానీ పేల్చడం నిషేధం.

మనవాళ్ళలో చాలామందికి చర్చ ఇక్కడితోనే ముగిసిపోవాలి. హెచ్‌1బి, ఎఫ్‌1 లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్ళ దగ్గర తుపాకీ గానీ తూటా గానీ ఉంటే అది ఫెడరల్ నేరం. 2022 నుంచి గరిష్ఠ శిక్ష 15 ఏళ్ళు. హంటింగ్ లైసెన్సు ఉన్నవారికి మినహాయింపు ఉంది, ఆ సందులోంచి దూరుదామనుకునేవాళ్ళూ ఉన్నారు. ఏళ్ళ తరబడి గ్రీన్‌కార్డు క్యూలో నిలబడ్డ మనిషికి, లేని వేట సరదాను ఇమ్మిగ్రేషన్ ఆఫీసరు ముందు వివరించుకునే అవస్థ ఎందుకో నాకు అంతుపట్టదు. "నాది పట్టుకెళ్ళరా" అని సిటిజన్ మిత్రుడు చేతిలో పెట్టాడంటే, తెలిసి ఇచ్చినందుకు అతనూ ఇరుక్కుంటాడు.

హక్కున్నవాళ్ళ మాటకొద్దాం. ఎలుగుబంటి కోసమంటారా? బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ పరిశోధకుడు టామ్ స్మిత్ బృందం అలాస్కాలో జరిగిన ఘటనలను ఏరి చూసింది. బేర్ స్ప్రే కొట్టినప్పుడు దాదాపు పదింట తొమ్మిదిసార్లు ఎలుగు వెనక్కి తగ్గిందని 2008లో తేల్చింది. తుపాకీ ఉన్న 269 ఘటనలను చూస్తే, పేల్చినవారికీ పేల్చనివారికీ గాయాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదని 2012లో చెప్పింది. రెండూ ఒకే కొలతతో చేసినవి కావు కాబట్టి ఇది గెలిచింది, అది ఓడింది అనను. కానీ మీదికి దూసుకొచ్చే జంతువుకు గురిపెట్టి కాల్చడానికి దొరికేవి క్షణాలే. స్ప్రేకి అంత గురి అక్కర్లేదు, ఎదురుగా ఘాటైన మబ్బు కమ్మితే చాలు.

అసలు ఎలుగును పిలిచేది మన వంటే. ఆవకాయ సీసా, కూలరు, ఆఖరికి టూత్‌పేస్టు కూడా క్యాంపులో ఇచ్చే ఇనప పెట్టెలో పెట్టి గొళ్ళెం వేయాలి. యోసెమిటీలో బేర్ స్ప్రే తేనివ్వరు, పెట్టెలే గతి. 1872లో పార్కు పెట్టినప్పటి నుంచి యెల్లోస్టోన్‌లో ఎలుగుల వల్ల పోయిన ప్రాణాలు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు, నీళ్ళలో పోయినవి అంతకు ఎన్నో రెట్లు. 2024 మేలో అరిజోనాలోని ఫాసిల్ క్రీక్‌లో ఇద్దరు తెలుగు విద్యార్థులు మునిగి చనిపోయారు. లైఫ్‌జాకెట్ గురించి ఏ బావా అడగడేం?

మనుషుల భయం వేరు, అది నిజమైనదే. 2018 జూన్‌లో కాలిఫోర్నియాలోని మాలిబు క్రీక్ పార్కులో ఇద్దరు చిన్న కూతుళ్ళతో టెంటులో నిద్రపోతున్న తండ్రి తూటా తగిలి చనిపోయాడు. గన్‌వాదులు ముందు చెప్పేది ఇలాంటిదే. నిద్రలో ఉన్న మనిషికి తలకింది పిస్టల్ ఏం చేస్తుందో మాత్రం చెప్పరు.

నేను అడిగేది ఒకటే. రాత్రి దాన్ని ఎక్కడ పెడతారు? తలగడ కింద పెడితే పిల్లల చేతికి అందుతుంది. తాళం పెట్టెలో పెడితే చీకట్లో తాళం వెతుక్కోవాలి. కారులో పెడితే తెచ్చి ప్రయోజనమేముంది? పక్క టెంటు పిలిస్తే పలికేంత దూరంలో ఉంటుంది, నైలాన్ గుడ్డ తూటాను ఆపదు. రాత్రి రెండింటికి బాత్రూమ్‌కి వెళ్ళొస్తూ, పోల్చుకోలేక మీ జిప్పు లాగేది పక్కవాళ్ళబ్బాయి కావచ్చు.

అలాస్కా అడవుల్లో రోజుల తరబడి ఒంటరిగా తిరిగేవాళ్ళు, ఏళ్ళుగా రైఫిల్‌తో సాధన చేసినవాళ్ళు ఉంటారు. వాళ్ళ జోలికి నేను పోను. కారు ఆపి, టెంటు వేసి, చికెన్ కాల్చుకునే మనకు పిస్టల్ ఖరీదులో కొంత పెడితే పిల్లలకు లైఫ్‌జాకెట్లు, మనిషికో హెడ్‌ల్యాంపు, రెండు స్ప్రే డబ్బాలు వస్తాయి. విమానంలో స్ప్రే తేనివ్వరు, పార్కు దగ్గరి ఊళ్ళోనే కొనాలి. కొన్నాక బ్యాగు అడుగున పడేయకుండా నడుముకు తగిలించుకోండి. గాలి ఎటు వీస్తోందో కూడా చూసుకోండి, ఎదురుగాలికి కొడితే కళ్ళు మండేది మీకే.