సర్టిఫికెట్ చూసి బిడ్డను వేరు చేయొద్దు

2009లో చండీగఢ్‌లో, ప్రభుత్వ సంరక్షణాలయంలో ఉంటూ అత్యాచారానికి గురై గర్భవతి అయిన ఒక యువతి కేసు సుప్రీంకోర్టుకు వచ్చింది. ఆమెకు మేధో వైకల్యం ఉంది, నా అన్నవాళ్లు లేరు. గర్భం తీసేయమని హైకోర్టు ఆదేశించింది. ఆమె మాత్రం బిడ్డ కావాలంది. సుప్రీంకోర్టు ఆ మాటకే విలువిచ్చింది. కనాలా వద్దా అన్న నిర్ణయం రాజ్యాంగం 21వ అధికరణం కాపాడే స్వేచ్ఛలో భాగమని, ఆమె సమ్మతి లేకుండా గర్భస్రావం కుదరదని తేల్చింది. ఆమె సంరక్షణ చూస్తామని ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ ఇచ్చిన హామీని కూడా లెక్కలోకి తీసుకుంది. ఆమెకు సాయం అవసరమని కోర్టు గుర్తించింది కానీ, అందుకని తల్లి కాకూడదని అనలేదు. కనే హక్కు అలా నిలబడింది. మరి కన్నబిడ్డను పెంచుకునే హక్కు?

2007లో మన దేశం ఆమోదించిన ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒడంబడిక, బిడ్డ వైకల్యం వల్ల గానీ తల్లిదండ్రుల వైకల్యం వల్ల గానీ వాళ్లను విడదీయరాదంటుంది. దాని అమలు కోసం వచ్చిన 2016 వికలాంగుల హక్కుల చట్టం 9వ సెక్షన్‌లో ఆ రక్షణ సగమే మిగిలింది. వికలాంగ బిడ్డకు రక్షణ ఉంది, వికలాంగులైన తల్లిదండ్రుల ఊసే లేదు. అంతకన్నా బాధించేది 2015 బాలల న్యాయ చట్టం 38వ సెక్షన్. బుద్ధిమాంద్యం ఉన్న తల్లిదండ్రుల బిడ్డను, చట్టంలోని ప్రక్రియ ప్రకారం, బాలల సంక్షేమ కమిటీ దత్తతకు ఇవ్వదగ్గ బిడ్డగా ప్రకటించవచ్చని అందులో ఉంది. అదే వాక్యంలో అత్యాచార బాధితురాలి బిడ్డ ప్రస్తావన వచ్చినచోట 'అవాంఛిత' అన్న షరతు పెట్టారు. బుద్ధిమాంద్యం ఉన్న తల్లిదండ్రుల విషయంలో ఆపాటి షరతు కూడా లేదు. బిడ్డ కావాలో వద్దో అడగాలన్న ఆలోచనే ఆ మాటల్లో కనపడదు.

బిడ్డకు ఏదైనా జరిగితే ఎవరు బాధ్యులన్న ప్రశ్న న్యాయమైనదే. కానీ బిడ్డను సాకలేని తల్లిదండ్రులని విచారణలో తేలితే జోక్యం చేసుకునే అధికారం అదే చట్టం కమిటీకి ఇచ్చింది. అది తాగి కొట్టే తండ్రికీ వర్తిస్తుంది, అందరికీ వర్తిస్తుంది. అలాంటప్పుడు 38వ సెక్షన్‌లోని ఆ మాట బిడ్డకు కొత్తగా ఇచ్చే రక్షణ ఏమీ లేదు, తల్లి మీద ముద్ర వేయడం తప్ప. పాలు కలపడం, స్నానం చేయించడం, జ్వరం గుర్తుపట్టడం వంటి పనులను చిన్నచిన్న అంచెలుగా, బొమ్మలతో, ఇంటికొచ్చి చూపిస్తే మేధో వైకల్యం ఉన్న తల్లులు నేర్చుకుంటారని కెనడాలో పరిశోధకుడు మారిస్ ఫెల్డ్‌మన్ అధ్యయనాలు ఎప్పుడో నిరూపించాయి. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్‌లోని శాతం పింఛనుకు పనికొస్తుంది, పెంపకాన్ని కొలవలేదు.

ఎంతకాలం సాయం చేస్తామంటారా? అమ్మమ్మో అత్తగారో చేయి వేయకుండా మన ఇళ్లలో ఏ పసిబిడ్డ పెరిగింది? వికలాంగ మహిళలకు పిల్లల పెంపకంలో అండగా ఉండాలని 2016 చట్టం 24వ సెక్షన్ ప్రభుత్వాలకు ఇప్పటికే చెప్పింది. మేధో వైకల్యంపై పనిచేసే జాతీయ సంస్థ సికింద్రాబాద్‌లోనే ఉంది. అంగన్‌వాడీ, ఆశా కార్యకర్తలకు అక్కడ శిక్షణ ఇప్పించడం అసాధ్యమేమీ కాదు. 38వ సెక్షన్ నుంచి బుద్ధిమాంద్యం ఉన్న తల్లిదండ్రుల ప్రస్తావన తీసేయాలి. అప్పటిదాకా ఏ కమిటీ అయినా తల్లీబిడ్డలను విడదీసే ముందు ఆ తల్లికి ఏ సాయం అందించారో, ఎన్నాళ్లు అందించారో, ఆమె ఏమన్నదో ఉత్తర్వులో రాసి తీరాలి.