ఎవరూ లేని చోటికి వచ్చిన ముసలి పాదిరి

ఎనభై అయిదేళ్ల కాలేబు యెహోషువ ఎదుట నిలబడి విశ్రాంతి అడగలేదు. ఆనాకీయులున్న కొండసీమనే తనకిమ్మన్నాడు (యెహోషువ 14). అలాంటి వృద్ధుడొకాయన మన తెలుగునేల మీదా నడిచారు. గుంటూరు లూథరన్ విశ్వాసులకు ఆయన ‘ఫాదర్ హయ్యర్’.

జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్ 1793లో జర్మనీలో పుట్టి, కుర్రతనంలోనే అమెరికా చేరి పాదిరి అయ్యారు. భార్యను పోగొట్టుకున్న మూడేళ్లకు, 1842 జూలై 31న, ఒంటరిగా గుంటూరులో అడుగుపెట్టారు. అప్పటికి ఆయన వయసు 49. కలెక్టర్ హెన్రీ స్టోక్స్ ఆయనను ఆదరించారు. సువార్తతోపాటే బడులూ మొదలయ్యాయి. ఆడపిల్లలకు చదువెందుకనే ఆ రోజుల్లో ఆయన వారికీ అక్షరాలు నేర్పించారు. ఆరోగ్యం చెడి అమెరికా వెళ్లినప్పుడు కూడా ఊరకుండక వైద్యవిద్య చదివి, 1847లో, 54వ ఏట డాక్టరు పట్టా పుచ్చుకుని మళ్లీ వచ్చారు. గురజాల వరకూ పల్నాడు పల్లెల్లో పరిచర్య చేసి 1857లో తిరిగి వెళ్లిపోయారు.

అక్కడితో ఆగినా ఆయన జీవితం ధన్యమే. కానీ 1869లో, పనివారూ డబ్బూ కరువై, రాజమండ్రి మిషన్‌ను మరో మిషన్‌కు అప్పగించే మాట వచ్చింది. అమెరికాలోని సంఘ పెద్దల సమావేశంలో 76 ఏళ్ల హయ్యర్ లేచి, ఎవరూ వెళ్లకపోతే తానే వెళతానన్నారు. అన్నట్టే మూడోసారి సముద్రం దాటి వచ్చారు. ఆ రోజుల్లో ఆ వయసులో ఓడ ఎక్కడమంటే బ్రతికి ఒడ్డు చేరతామన్న నమ్మకం లేదు.

ఈ సంగతి చెప్పేవారు సాధారణంగా ఇక్కడే ఆపేస్తారు. నాకు మాత్రం ఆ తరువాత జరిగిందే ఎక్కువ ఇష్టం. 1870లో ష్మిట్ అనే యువ మిషనరీ వచ్చారు. పని నిలబడింది. హయ్యర్ దానిని అప్పగించి 1871లో వెళ్లిపోయారు. ఉండిపొమ్మంటే కాదనేవారెవరు? ‘మూడుసార్లు వచ్చాను, ఈ పొలం నాది’ అని ఆయన అనలేదు.

ఇప్పుడు మన సంఘాల వైపు చూద్దాం. కాపరి కుర్చీ కోసం, మిషన్ ఆస్తుల కోసం కోర్టుల చుట్టూ తిరుగుతున్నాం. చదువుకుని సేవకు వచ్చిన యువకులు ఏళ్ల తరబడి ప్రకటనలు చదవడానికీ, కానుక పట్టడానికీ మాత్రమే పనికొస్తున్నారు. అడిగితే పెద్దలు హయ్యర్‌నే చూపిస్తారు: ‘ఆయన 76లో సేవ చేయలేదా?’ అని. నిజమే, చేశారు. కాని ఎవరూ లేని చోటికి ముసలితనంలో వెళ్లడం వేరు, ఉన్నవాళ్లను రానివ్వకుండా కూర్చోవడం వేరు. రిటైరైన కాపరులూ ఉపాధ్యాయులూ పనికిరానివారని నేననడం లేదు. కాపరి లేని పల్లె మందిరాలున్నాయి, సాయంత్రం చదువు చెప్పేవారు లేని పేటలున్నాయి. అక్కడ కుర్చీ కోసం పోటీ లేదు.

హయ్యర్ చివరి రోజులు ఫిలడెల్ఫియాలోని సెమినరీలో, కాపరులు కాబోయే విద్యార్థుల మధ్య గడిచాయి. 1873 నవంబరులో ఆయన కన్నుమూశారు. రాజమండ్రిలో ఆయన ఉన్నది ఏడాదికి కాస్త ఎక్కువ, అంతే.