కౌలు కాయితం మీద ఆసామి సంతకం ఎందుకు?

నారు పోసేది మనం. కలుపు తీసేది మన ఆడవాళ్లు. కోత కోసి కుప్ప వేశాక ఆసామి చేలో దిగుతాడు. "ఒరే, వచ్చే ఏడు ఇంకొకరికి ఇస్తున్నా, ఖాళీ చెయ్యి" అంటాడు. ఎదురు చెబితే కుప్ప దగ్గరికే రానివ్వడు. కాయితం ఏదిరా అంటాడు. కాయితం రాయనన్నది వాడే, ఏదని అడిగేదీ వాడే!

కోస్తా జిల్లాల్లో మనవాళ్లు చేసేది చాలావరకు నోటి కౌలే. 1956 కౌలుదారీ చట్టం కౌలు రాసుకోవాలి, ఆరేళ్లు ఉండాలి అన్నది. దానికి జడిసి ఆసాములు రాయడమే మానేశారు. ఏడాదికో మనిషిని మార్చడం మరిగారు. 2011లో ఇంకో చట్టం వచ్చింది. రెవెన్యూ వాళ్లు ఊళ్లో విచారించి కౌలుదారుకు కార్డు ఇవ్వొచ్చు, ఆసామి ఒప్పుకోలు అక్కర్లేదు. (కార్డు చూపించినా బ్యాంకుల్లో ఎంతమందికి అప్పు పుట్టిందో మనకు తెలుసు, అది వేరే గోడు.) 2019లో దాన్ని తీసేసి పంట సాగుదారుల హక్కుల చట్టం తెచ్చారు. పేరులో హక్కులున్నాయి. లోపల చూస్తే పదకొండు నెలల ఒప్పందం, దానిమీద ఆసామి సంతకం! దొంగ చేతికి తాళాలిచ్చినట్టు కాదా ఇది?

సంతకం అడక్కపోతే ఆసాములు భూమి బీడు పెడతారని కొందరు పెద్దలు అంటున్నారు. మేము ఒప్పుకోం. కార్డు ఇచ్చినంత మాత్రాన భూమి మీద ఆసామి హక్కు పోదని ఆ చట్టాలే చెప్పాయి. మరి భయం దేనికి? తుపానుకు చేను పడిపోతే వచ్చే నష్టపరిహారం, రాయితీ డబ్బు పట్టాదారు ఖాతాలో కాక దున్నినోడి ఖాతాలో పడుతుందనే! ఎవరి చేను ఎవరు దున్నుతున్నారో ఊళ్లో పసిపిల్లాణ్ణి అడిగినా చెబుతాడు. గ్రామసభలో అడిగి రాసుకోవడానికి సర్కారుకు ఏం అడ్డం?

ఈలోగా కుప్ప పోతే ఊరుకోవాలా? 1989 అత్యాచారాల నిరోధక చట్టాన్ని 2015లో సవరించారు. ఎస్సీ, ఎస్టీల్ని భూమి నుంచి అన్యాయంగా వెళ్లగొట్టినా, భూమి మీద వాళ్ల హక్కుకు అడ్డం వచ్చినా, పంట పాడుచేసినా, ఎత్తుకుపోయినా ఆ కులాలవాడు కాని ఎవడు చేసినా అది నేరం, ఆర్నెల్ల నుంచి ఐదేళ్లు జైలు. సెక్షన్ 3(1)(జి). పట్టా ఉన్నోడికే వర్తిస్తుందని అందులో ఎక్కడా రాయలేదు. స్టేషన్లో "ఇది సివిల్ తగాదా, కోర్టుకు పోండి" అంటారు. కదలొద్దు. దర్యాప్తు చేయాల్సింది డీఎస్పీ స్థాయి అధికారి అని గట్టిగా చెప్పండి.

సాగు మనదేనని చూపించుకోవడం మాత్రం మన పని. ఎరువుల కొట్టు చీటీలు పారేయకండి. ఈ-పంటలో మీ పేరు రాయించండి. కౌలు ధాన్యం కొలిచేటప్పుడు పేటలోంచి ఇద్దర్ని వెంట తీసుకెళ్లండి, ఒక్కరే వెళ్లకండి. సార్వా నాట్లకు ముందే ప్రతి పేట నుంచి తాసీల్దారుకు అర్జీ పోవాలి: ఫలానా సర్వే నంబరు, ఫలానా మనిషి సాగు, వచ్చి విచారించండి అని. అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి.