రమ పాస్, రాము ఫెయిల్

మా నరసింహ మామయ్య ఎల్బీనగర్‌లో ఉంటాడు. పోయిన ఎండాకాలం ఆయనా, కమలత్తయ్యా ఒక సంస్థలో సభ్యత్వానికి ఆన్‌లైన్ దరఖాస్తు పెట్టుకోవాల్సి వచ్చింది. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల సందులో ఒక జిరాక్స్ షాపు ఉంది. హాల్‌టికెట్లు ప్రింటు తీయించుకునే పిల్లల వెనక ఇద్దరూ లైన్లో నిలబడ్డారు. దరఖాస్తులో ‘పేరు తెలుగులో’ అని ఒక గడి. అత్తయ్య పేరు కొట్టగానే తీసుకుంది. మామయ్య పేరు కొడితే కింద ఎర్రగా వచ్చింది: సరైన పేరు ఇవ్వండి.

షాపు కుర్రాడు నాలుగుసార్లు కొట్టి చూశాడు. తర్వాత ఒక్కో గుర్తూ తీసేస్తూ పోయాడు. గుడి తీశాడు, సున్నా తీశాడు. ‘నరసహ’ దగ్గర ఎరుపు పోయింది. “ఇట్ల తీసుకుంటుంది అంకుల్. ఇంగ్లీషుల కరెక్టుగనే ఉంది కదా, ఏం కాదు” అన్నాడు. వారం తర్వాత కార్డు వచ్చింది. నరసహ, భార్య కమల.

“ఏందిరా అల్లుడూ, అరవై ఏండ్లొచ్చినంక నా పేరు తప్పైందా?” అని మామయ్య ఫోన్ చేస్తే మొదట నవ్వాను. తర్వాత ఆ పేజీ తెరిచి, దాని వెనకున్న కోడ్ చూశాను. గడి పక్కన ఉన్నది ఇంతే: [అ-హ]+

దీన్ని రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ అంటారు, మా ఆఫీసు భాషలో రెజెక్స్. ఒక మాట ఎలా ఉండాలో చెప్పే చిన్న సూత్రం. అ నుంచి హ దాకా ఉన్న అక్షరాల్లో ఏవైనా ఒకటో, అంతకంటే ఎక్కువో ఉంటే ఆ పేరు చెల్లుతుంది, లేకపోతే చెల్లదు. రాసినవాడి తప్పేమిటో చూడండి, పాపం చాలా సహజమైన తప్పు. గోడ మీద అక్షరమాల పటం గుర్తు తెచ్చుకుని, ఇంగ్లీషులో ఏ నుంచి జెడ్ అంటాం కాబట్టి తెలుగులో అ నుంచి హ అనుకున్నాడు. కానీ యూనికోడ్‌లో తెలుగుకి ఇచ్చిన 128 గళ్ళలో సున్నా, విసర్గ ‘అ’ కంటే ముందున్నాయి. దీర్ఘం, గుడి, కొమ్ము, ఏత్వం, పొల్లు అన్నీ ‘హ’ తర్వాత ఉన్నాయి. తలకట్టుకి విడిగా గడి లేదు, అది హల్లులోనే ఉంది. అంటే తలకట్టు తప్ప ఇంకే గుణింతమూ, ఒత్తూ, సున్నా లేని పేర్లే ఆ సంస్థ దృష్టిలో తెలుగు పేర్లు. రమ, కమల, సరళ, లత, ఉష పాస్. రాము, సీత, గంగ, లక్ష్మి, శ్రీను ఫెయిల్.

తెలుగు సాహిత్యంలో ఉన్నవాళ్ళతో ఈ మాటెత్తితే ‘అదంతా మీ టెక్నికల్ గొడవ’ అంటారు. యూనికోడ్ వచ్చేసింది, ఫోన్లలో కీబోర్డులొచ్చాయి, ఇక తెలుగుకి డోకా లేదన్న నమ్మకం ఒకటి మనలో స్థిరపడిపోయింది. నాకు ఆ నమ్మకం మీదే పేచీ. యూనికోడ్ మనకి చోటిచ్చిన మాట నిజమే, 1991లో వచ్చిన తొలి రూపంలోనే ఇచ్చింది. ఆ చోటుకి తలుపులు పెట్టి గొళ్ళెం బిగించేది మాత్రం మాలాంటివాళ్ళం రాసే ఒక్క లైను రెజెక్స్. భాష మీద సభలు పెట్టేవాళ్ళెవరూ ఆ లైను వంక చూడరు.

ఆ కుర్ర ప్రోగ్రామర్‌ని ఒక్కడినే తిట్టి లాభం లేదు. అతని చేతికిచ్చిన పనిముట్లే అలా ఉన్నాయి. రెజెక్స్‌లో ‘పదంలో వచ్చే అక్షరం’ అనడానికి ఒక షార్ట్‌కట్ ఉంది, వెనక్కి వాలిన గీత పక్కన డబ్ల్యూ. జావాస్క్రిప్ట్‌లో మామూలుగా వాడితే దానికి తెలిసినవి 63: ఇంగ్లీషు చిన్న బడి 26, పెద్ద బడి 26, అంకెలు 10, ఒక అండర్‌స్కోర్. మన వర్ణమాలలో ఒక్కటీ లేదు. పైథాన్ కాస్త నయమనుకుంటాం. దానితో పాటు వచ్చే లైబ్రరీలో ఇదే షార్ట్‌కట్ పెట్టి ‘తెలుగు’లో పదాలు వెతకమంటే త, ల, గ అని మూడు ముక్కలు తెచ్చిస్తుంది. హల్లులు దానికి అక్షరాలే, వాటి మీది ఎత్వాలూ కొమ్ములూ కావు. మన భాష పేరే అది పలకలేదు.

నిడివి సంగతి ఇంకో తలనొప్పి. శ్రీ మనకి ఒక్క అక్షరం. కంప్యూటర్‌కి శ, పొల్లు, ర, గుడిదీర్ఘం అని నాలుగు. వెంకటసుబ్రహ్మణ్యం మనం పలికితే ఏడు, దాని లెక్కలో పదిహేడు. ‘పేరు పదిహేను అక్షరాలు మించరాదు’ అన్న చోట ఆయన ఏ ముక్క వదులుకోవాలి? ఇక రాజ్‌కుమార్ లాంటి పేరుంటే, జ కింద క వత్తు పడకుండా మధ్యలో కంటికి కనపడని ఒక గుర్తు ఉంటుంది. అక్షరాల్నీ గుణింతాల్నీ శ్రద్ధగా అనుమతించిన సూత్రం కూడా ఆ కనపడని గుర్తు దగ్గర ఆగిపోతుంది. చూసేవాడికి పేరు నిక్షేపంగా ఉంటుంది, ఫారం మాత్రం ఒప్పుకోదు.

దీనికి మావాళ్ళు చెప్పే మొదటి సమాధానం సెక్యూరిటీ. ఏది పడితే అది రానిస్తే డేటాబేస్ మీద దాడి చేస్తారట. ఆ దాడిని ఆపేది పేరు గడి మీద కాపలా కాదు. వచ్చిన మాటని క్వెరీలో అతికించకుండా పారామీటర్‌గా పంపడం, తెర మీద చూపించేటప్పుడు ఎస్కేప్ చేయడం. ఈ రెండూ చేస్తే నరసింహ పేరులోని సున్నా ఎవర్నీ ఏమీ చేయదు. చేయకపోతే ఏ రెజెక్సూ కాపాడదు. రెండో సమాధానం డేటా క్వాలిటీ. ‘నరసహ’ అన్నమాట ఇప్పుడు వాళ్ళ డేటాబేస్‌లో, అన్ని పరీక్షలూ పాసై, క్వాలిటీ డేటాగా కూర్చుని ఉంది.

నేను రెజెక్స్‌కి వ్యతిరేకిని కాను. రోజూ దానితోనే నా అన్నం. 1951లో స్టీఫెన్ క్లీనీ అనే గణితవేత్త నాడీకణాల నమూనాల గురించి ఆలోచిస్తూ ఈ లెక్క కట్టాడు. 1968లో కెన్ థాంప్సన్ దాన్ని టెక్స్ట్‌లో వెతకడానికి పనికొచ్చేలా చేశాడు. వెతకడానికి వాడిన పనిముట్టుని మనం గేటు దగ్గర వాచ్‌మన్‌గా కూర్చోబెట్టాం. మనిషి తయారుచేసిన సంఖ్యల దగ్గర వాచ్‌మన్ బాగానే పనిచేస్తాడు. పిన్‌కోడ్ ఆరంకెలు, సున్నాతో మొదలవదు. బ్యాంకు ఐఎఫ్ఎస్‌సీ పదకొండు స్థానాలు, ఐదోది సున్నా. ఆ నియమాలు ఎవరో కూర్చుని పెట్టినవి కాబట్టి సూత్రానికి అందుతాయి. అవైనా నిలకడగా ఉంటాయా? మన బండ్ల నంబర్లు ఏపీ నుంచి 2014లో టీఎస్ అయ్యాయి, 2024లో కొత్త బండ్లకి టీజీ అయింది. రాష్ట్రం పెట్టిన రెండక్షరాలే పదేళ్ళు నిలవనప్పుడు, తాతలూ అమ్మమ్మలూ పెట్టిన పేర్లకి సూత్రం రాస్తామనడం ఏం ధైర్యం?

నా సంగతీ చెప్పాలి. మొదటి ఉద్యోగంలో నేనూ రాశాను, ఏ నుంచి జెడ్ దాకా, కనీసం మూడక్షరాలు, చుక్కలు కుదరవు. ఎక్కడి నుంచో కాపీ కొట్టిందే. టెస్టింగ్‌లో నేనిచ్చిన పేరు ‘టెస్ట్ యూజర్’. ఇంటిపేరు పొడి అక్షరంగా రాసి చుక్క పెట్టుకునే ఊర్లో పుట్టి పెరిగి, మా ఇంట్లో సగం మందిని గేటు బయట నిలబెట్టానని నాకు తట్టనే లేదు. ఇప్పుడైతే పేరు గడి మీద ఖాళీగా ఉందా, మరీ వెయ్యి అక్షరాలుందా అని మాత్రమే చూస్తాను. తెలుగే ఉండాలని ఎవరైనా పట్టుబడితే, 2018 నుంచి జావాస్క్రిప్ట్‌లో ‘తెలుగు లిపి’ అని లిపి పేరుతోనే అడగొచ్చు. దానికి ఖాళీనీ, చుక్కనీ, ఆ కనపడని గుర్తునీ కలుపుకుంటే చాలు. పది నిమిషాల పని.

ఆ పది నిమిషాల పని వివరంగా రాసి, సరిచేసిన లైనుతో సహా ఆ సంస్థకి మెయిల్ పెట్టాను. మీ ఫిర్యాదు అందిందని జవాబొచ్చింది. పేరు సవరణకి వేరే ఫారం ఉందట, లింకు ఇచ్చారు. మొన్న ఆదివారం మామయ్యని పక్కన కూర్చోబెట్టుకుని తెరిచాను. పాత పేరు, కొత్త పేరు అని రెండు గళ్ళు. నరసహ తీసుకుంది. నరసింహ దగ్గర ఎర్రగా వచ్చింది.